గుంపులోనే ఉన్నాడనుకున్నాను: ఇద్దరు మగపిల్లల తండ్రిగా నా అనుభవం

మా పెద్దవాడికి 12 ఏళ్ళు నిండిన నెలలో ఒక రాత్రి కుటుంబ ప్రార్థనకు కూర్చుని లూకా సువార్త 2వ అధ్యాయం చదువుతున్నాం. యూదుల పస్కా పండుగ అయ్యాక బాలుడైన యేసు యెరూషలేములోనే ఉండిపోవడం, తల్లిదండ్రులు మరియ, యోసేపు వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళడం, మూడు రోజులకు దేవాలయంలో బోధకుల మధ్య కనిపించడం. చదవడం అయ్యాక వాడు అడిగాడు: "నాన్నా, అమ్మానాన్నలకు చెప్పకుండా అలా ఉండిపోతే తప్పు కాదా? నేనైతే నువ్వు తిడతావు కదా?"

ఎంత మంచి ప్రశ్నో ఇప్పుడు తెలుస్తోంది. ఆ రాత్రి మాత్రం నాకు ఆఫీసు టెన్షన్, ముంచుకొస్తున్న నిద్ర, పైగా జవాబు తెలియదు. "వాక్యాన్ని అలా ప్రశ్నించకూడదు. కళ్ళు మూసుకో, ప్రార్థన చేద్దాం" అన్నాను. వాడు మూసుకున్నాడు. ఆ తర్వాత దాదాపు నాలుగేళ్ళు బైబిల్ గురించి మా ఇంట్లో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేను దాన్ని వినయం అనుకుని మురిసిపోయాను.

వాడికిప్పుడు 19. చిన్నవాడికి 13. మధ్యలో ఆరేళ్ళ తేడా ఉండబట్టి పెద్దవాడి దగ్గర చేసిన తప్పుల్లో కొన్నయినా చిన్నవాడి దగ్గర చేయకుండా తప్పించుకున్నాను. పెద్దకొడుకుగా పుట్టినవాడి మీదే తల్లిదండ్రులు పెంపకం నేర్చుకుంటారు, పాపం. వాడి విషయాలు రాయడానికి వాడిని అడిగే రాస్తున్నాను. ఎందుకు అడగాల్సి వచ్చిందో ముందుకు వెళ్తే తెలుస్తుంది.

మొదట ఒంటి సంగతి. మగపిల్లల్లో ఈ మార్పులు 9 నుంచి 14 ఏళ్ళ మధ్య ఎప్పుడైనా మొదలవుతాయి. ఆ సంగతి తెలిసి కూడా "ఇంకా చిన్నవాడేలే" అంటూ వాయిదా వేశాను. మా నాన్న నాకు చెప్పలేదు, నేను పెరగలేదా అని ఒక ధీమా కూడా. 12 దాటాక వాడు ఇంట్లో చొక్కా లేకుండా తిరగడం మానేశాడు. స్నానాల గదిలోనే బట్టలన్నీ వేసుకుని బయటికి వచ్చేవాడు. అయ్యగారికి సిగ్గొచ్చింది అని నేనూ మా ఆవిడా నవ్వుకున్నాం. ఆరు నెలల తర్వాత వాళ్ళమ్మ దగ్గర బయటపడ్డాడు: రొమ్ము కింద చిన్న గడ్డలా ఉంది, ముట్టుకుంటే నొప్పి అని. ఆ ఆరు నెలలూ వాడు దాన్ని క్యాన్సర్ అనుకున్నాడు. పక్క గదిలో మేముండగా ఒక్కడే అనుకున్నాడు.

డాక్టర్ గారు చూసి నవ్వారు. ఈ వయసులో హార్మోన్ల హెచ్చుతగ్గుల వల్ల చాలామంది మగపిల్లలకు ఇలా అవుతుందట. ఎక్కువమందికి ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు దానంతటదే తగ్గిపోతుందని, తగ్గకపోయినా పెరిగినా మళ్ళీ రమ్మని చెప్పి పంపారు. తిరిగి వస్తుంటే కారులో వాడు కిటికీ వైపు చూస్తూ అడిగాడు: "అయితే ఇది దేవుడి శిక్ష కాదుగా?"

శిక్ష ఏమిట్రా అంటే చాలాసేపటికి చెప్పాడు. నిద్రలో తనకు తెలియకుండా బట్టలు తడుస్తున్నాయి. అంతకు కొద్ది రోజుల ముందే యవ్వనస్థుల కూటంలో పరిశుద్ధత మీద వర్తమానం, అంటే ప్రసంగం, విన్నాడు. రెండూ కలిపి చూసుకుని తాను పాపం చేస్తున్నాననీ, అందుకే రోగం వచ్చిందనీ తేల్చుకున్నాడు. వర్తమానం చెప్పినాయన తప్పేమీ లేదు. ఒంట్లో ఏం జరుగుతుందో ఇంట్లో ముందే చెప్పి పంపుతారనుకుని ఆయన చెప్పుకుంటూ పోయాడు. చెప్పాల్సినవాడిని నేను. చెప్పలేదు.

ఆ రాత్రి కూర్చుని వెతికితే లేవీయకాండం 15వ అధ్యాయం దొరికింది. అంతకుముందు చాలాసార్లు చదివాను కానీ ఆ పేజీలు గబగబా తిప్పేసేవాడిని. పురుషుడికి వీర్యస్ఖలనం జరిగితే స్నానం చేయాలి, సాయంకాలం దాకా అపవిత్రుడుగా ఉంటాడు, అంతే ఉంది. అదే అధ్యాయంలో రోగం వల్ల కలిగే స్రావం సంగతి వచ్చినప్పుడు ఎనిమిదో రోజున బలి తేవాలని ఉంది. దీనికి మాత్రం బలి లేదు. ధర్మశాస్త్రం అంత మామూలుగా చెప్పిన సంగతిని నేను మూడేళ్ళు నోట్లో నానబెట్టాను. మర్నాడు వాడికి చూపించాను. రెండుసార్లు చదివి, "సాయంత్రం దాకేనా?" అన్నాడు. వాడి ముఖంలో ఆ తేలిక నాకు ఇప్పటికీ గుర్తుంది.

చిన్నవాడికి 10వ ఏటే చెప్పేశాను. సైకిల్ చెయిన్ వేస్తూ, చేతులకు గ్రీజు పూసుకుని, ఇద్దరం చక్రం వైపు చూస్తూ. ముఖాలు చూసుకోనక్కర్లేని పని ఏదైనా ఇలాంటి మాటలకు మంచిది. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో మాట్లాడాలని ఉంటుంది. ఎదురుగా నిలబెట్టి వేలు చూపిస్తూ అని లేదు. మగపిల్లల దగ్గర ఆ "దారిలో నడిచేటప్పుడు" అన్నది నాకు బాగా పనికొచ్చింది.

ఇక ఫోన్ సంగతి. ఇది రాయడం కష్టం.

పెద్దవాడికి 14 ఏళ్ళప్పుడు వాడి ఫోన్‌లో బూతు వీడియోలు చూశాను. అరిచాను. ఫోన్ లాక్కున్నాను. వాళ్ళమ్మ ఏడ్చింది. వాడు తల దించుకుని నిలబడ్డాడు. ఇంతవరకు చాలా ఇళ్ళల్లో జరిగేదే. ఆ తర్వాత నేను చేసిన పనే పెద్ద తప్పు. ఆ వారం మధ్యలో జరిగే ప్రార్థన కూడికలో, ప్రార్థన అంశాలు చెప్పమన్నప్పుడు లేచి, "మా పెద్దబ్బాయి ఫోన్ వల్ల చెడు అలవాట్లలో పడిపోకుండా ప్రార్థించండి" అన్నాను. నా వరకు అది భారంతో చెప్పిన మాట. విన్నవాళ్ళందరికీ అర్థమైంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక పెద్దావిడ ప్రేమగా వాడి తల మీద చేయి వేసి, "ఆ పాడు ఫోన్ మానెయ్ నాన్నా, దేవుడు నిన్ను వాడుకుంటాడు" అంది. వాడు నా వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది.

మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో యోసేపు గురించి ఒక మాట ఉంది. మరియ గర్భవతి అని తెలిసినప్పుడు, అసలు సంగతి ఇంకా ఆయనకు తెలియనప్పుడు, ఆమెను నలుగురిలో అవమానపరచడం ఇష్టం లేక రహస్యంగా విడిచిపెట్టాలనుకున్నాడు. ఆ మాట చెబుతూనే ఆయన్ని నీతిమంతుడు అన్నారు. ప్రతి క్రిస్మస్‌కూ వింటాం. తప్పు చేసిందనుకున్న మనిషి పరువును కూడా కాపాడాలనుకున్నవాడు నీతిమంతుడైతే, కన్నకొడుకు రహస్యాన్ని ప్రార్థన పేరుతో సంఘంలో పెట్టిన నేను ఎవరిని?

ఇదంతా నాకు అప్పుడు తట్టలేదు. ఏడాది పట్టింది.

ఆ ఏడాదిలో ఇంట్లో రూల్స్ ఇంకా బిగించాను. తెల్లవారుజామున 5 గంటలకు లేపి ప్రార్థనలో కూర్చోబెట్టేవాడిని. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థించాడని మార్కు సువార్త మొదటి అధ్యాయం చూపించేవాడిని. ఆయనకప్పుడు ముప్పై ఏళ్ళు, మా వాడికి 14, ఆ లెక్క నాకు పట్టలేదు. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పైగా ఆ వయసులో ఒంటి గడియారం వెనక్కి జరిగి రాత్రి త్వరగా నిద్ర పట్టనివ్వదు. వాడు మోకాళ్ళ మీద తూగుతుంటే గద్దించేవాడిని. నిద్ర చాలక పగలంతా చిరాకు, ఆ చిరాకు చూసి నేను "ఆత్మీయంగా దిగజారిపోతున్నాడు" అనుకోవడం.

15వ ఏట ఒక ఆదివారం పొద్దున మంచం దిగలేదు. "నేను రాను" అన్నాడు. ఒంట్లో బాగాలేదా అన్నాను. "బాగానే ఉంది. రాను" అన్నాడు. నేను మొదలుపెట్టాను. నీ కోసం ఎన్ని ఉపవాస ప్రార్థనలు చేశాం, ఈ ఇల్లు దేవుడిచ్చింది, నలుగురూ అడిగితే నేనేం చెప్పాలి. ఆ చివరి మాట దగ్గర మా ఆవిడ వంటగదిలోంచి వచ్చి, గొంతు పెంచకుండా అడిగింది: "మీ బాధ దేవుడి గురించా, మీ పేరు గురించా?"

అప్పటికి సంఘ పెద్దల్లో ఒకడిగా నా పేరు అనుకుంటున్నారు. ఒకటో తిమోతి 3వ అధ్యాయంలో సంఘాన్ని నడిపేవాడు తన పిల్లల్ని లోబరచుకుని ఇంటిని బాగా ఏలేవాడై ఉండాలని ఉంది. ఆ వాక్యం నాలుగు నెలలుగా నా మెడ మీద కూర్చుని ఉంది. వాడు బాప్తిస్మం తీసుకుంటే, యవ్వనస్థుల కూటంలో దేవుడు తనను ఎలా మార్చాడో ఒక సాక్ష్యం చెబితే నాకు ఎంత తేలికగా ఉండేదో! వాడి ఆత్మ కోసం చేస్తున్నాననుకున్న ప్రార్థనల్లో ఎన్ని నా కుర్చీ కోసమో నాకే తెలియదు.

పాస్టర్ గారి దగ్గరికి వెళ్ళి, నన్ను ఆ జాబితాలోంచి తీసేయండి అని చెప్పాను. కారణం కూడా చెప్పాను. ఆయన సరే అన్నారు, బతిమాలలేదు. అది కొంచెం గుచ్చుకుంది కూడా, నిజం చెప్పాలంటే. వచ్చేముందు ఒక మాట అన్నారు: "ఆ వచనం మీకు అద్దం అండీ. మీరు దాన్ని వాడి చేతికి బరువుగా ఇచ్చారు."

ఆ వారమే మళ్ళీ లూకా 2 తీసి ఒక్కడినే చదువుకున్నాను. ఈసారి పట్టుకున్న మాట వేరు. పిల్లవాడు గుంపులోనే ఉన్నాడనుకుని వాళ్ళు ఒక రోజు ప్రయాణం వెళ్ళిపోయారు. ఆ తర్వాతే బంధువుల్లో, తెలిసినవాళ్ళలో వెతికారు. మా వాడు ప్రతి ఆదివారం మా పక్కనే కూర్చున్నాడు, పాటలకు లేచి నిలబడ్డాడు, కళ్ళు మూసుకున్నాడు. గుంపులోనే ఉన్నాడనుకున్నాం. మాది మూడేళ్ళ ప్రయాణం.

క్షమాపణ అడగడానికి ఇంకో పది రోజులు పట్టింది. వాడి గదిలోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. "నీ విషయం నిన్ను అడగకుండా నలుగురిలో పెట్టాను. తప్పు నాది. క్షమించు" అన్నాను. "కానీ నువ్వు కూడా" అని నోటి దాకా వచ్చింది, మింగేశాను. సాక్ష్యాల్లో అయితే ఇక్కడ కొడుకు ఏడుస్తూ వచ్చి తండ్రిని కౌగిలించుకుంటాడు. మా వాడు "ఊఁ" అన్నాడు. కాసేపు ఆగి, "లైట్ ఆర్పేసి వెళ్ళు" అన్నాడు.

తర్వాతి ప్రార్థన కూడికలో కూడా లేచి చెప్పాను. నా కొడుకు సంగతి ఇక్కడ చెప్పి వాడిని అవమానపరిచాను, వాడి దగ్గర దయచేసి ఎవరూ ఆ మాట ఎత్తవద్దు అని. అలా లేవడానికి మొదటిసారి కంటే చాలా ఎక్కువ ధైర్యం కావాల్సి వచ్చింది. ఇది వాడికి స్నేహితుడి ద్వారా తెలిసిందట. నా క్షమాపణ కంటే అదే వాడి మీద పనిచేసిందని చాలా తర్వాత చెప్పాడు.

అప్పుడు ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. ఆదివారం ఆరాధనకు ఈ ఇంట్లో ఉన్నంతవరకు అందరం వెళ్తాం, అది ఇంటి పద్ధతి. మిగతావన్నీ వాడిష్టం. యవ్వనస్థుల కూటం, నలుగురిలో ప్రార్థన చేయడం, బాప్తిస్మం, ఏదీ అడగను. మా స్నేహితుల్లో కొందరు ఇది మరీ వదిలేయడం అన్నారు. ఇంకొందరు ఆదివారం కూడా బలవంతమే కదా అన్నారు. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. కొలసీ పత్రికలో తండ్రులకు పౌలు చెప్పిన మాట, పిల్లల మనసు కుంగిపోకుండా వాళ్ళకు కోపం పుట్టించవద్దన్నది, మా మధ్య గీతలా పెట్టుకున్నాం. గీత ఎక్కడ పడుతుందో ప్రతి ఇంట్లో వేరుగా ఉంటుందనుకుంటాను.

ఐదింటి లేపుడు ఆగిపోయింది. రాత్రి 40 నిమిషాల ప్రార్థన పది నిమిషాలయ్యింది. మార్కు సువార్త చిన్నది కాబట్టి దానితో మొదలుపెట్టాం. రోజుకు కొన్ని వచనాలు, ఎవరికి ఏం అనుమానం వస్తే అది అడగొచ్చు, జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పాలి. ఈ రూల్ నాకోసం పెట్టింది. మొదటి రెండు నెలలు ప్రశ్నలన్నీ చిన్నవాడివే. పెద్దవాడు గోడకానుకుని వినేవాడు.

ఫోన్లు రాత్రి 10 గంటలకు హాల్లో ఛార్జింగ్ దగ్గరికి చేరాలన్నాం. నా ఫోన్ కూడా. అందరికంటే ఇబ్బంది పడింది నేనే. మూడో రోజే చిన్నవాడికి పట్టుబడ్డాను. వీడియోల విషయంలో "మళ్ళీ చూశావా?" అని అడగడం మానేశాను, ఆ ప్రశ్న అబద్ధం ఆడటం మాత్రమే నేర్పుతుంది. ఒకరోజు నడుస్తూ నా వయసు కష్టాలు కొంచెం చెప్పాను, వివరాల్లోకి పోకుండా. ఆదికాండంలోని మరో యోసేపు, యజమాని పోతీఫరు భార్య తనను పట్టుకుని పాపానికి పిలిచినప్పుడు వాదన పెట్టుకోకుండా వస్త్రం వదిలేసి పారిపోయిన సంగతి వచ్చింది. "అంటే పారిపోవడం పిరికితనం కాదన్నమాట" అన్నాడు వాడు. ఎప్పుడు కాళ్ళు అటు లాగుతాయో వాడే కనిపెట్టాడు: పరీక్షల ముందు, రాత్రి ఒంటరిగా మేలుకుని ఉన్నప్పుడు. ఆ రాత్రుల్లో హాల్లోకి వచ్చి చదువుకునేవాడు. పూర్తిగా గెలిచాడని రాయను. దాచుకోవడం మాత్రం తగ్గింది.

వాళ్ళమ్మ గురించి తక్కువ రాస్తున్నానని నాకే అనిపిస్తోంది. 13 ఏళ్ళప్పుడు నడుస్తుంటే ఆమె చేయి విదిలించుకున్నాడు వాడు. ఆమె ఆ రాత్రి నిద్రపోలేదు. మరియ ఆ సంగతులన్నీ తన హృదయంలో భద్రం చేసుకుందని లూకా రాశాడే, మా ఆవిడ అదే చేసింది. నాకున్న నోరు ఆమెకు లేకపోవడం మా ఇంటికి మేలైంది.

17వ ఏట మంచి స్నేహితుడితో చెడి వాడు చాలా దిగులుపడ్డాడు. నేను ఒక కాగితం మీద కీర్తన 88 అని రాసి టేబుల్ మీద పెట్టాను. ఆ కీర్తన చివరిదాకా చీకటే, చాలా కీర్తనల్లోలా చివర్లో స్తుతి ఉండదు. రాత్రి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "ఇలాంటిది కూడా బైబిల్లో ఉంచారా?" అన్నాడు. ఉంచారు అన్నాను. "ఎందుకు?" అన్నాడు. తెలియదు, నువ్వేమనుకుంటున్నావు అన్నాను. ఒంటిగంట దాకా మాట్లాడుకున్నాం. మర్నాడు ఆఫీసులో తూగాను.

వాడు ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు. ఆరాధనకు వస్తాడు, వినేటప్పుడు బైబిల్ అంచుల్లో పెన్సిల్‌తో ఏదో రాసుకుంటాడు, నేను చూడను. "బాలుడు నడవవలసిన త్రోవ" నేర్పితే పెద్దయ్యాక దాన్నుంచి తొలగిపోడు అంటూ బైబిల్లోని సామెతలు 22 నాకు అప్పజెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. అది సామెత, దేవుడు రాసిచ్చిన బాండు పేపరు కాదు అని మర్యాదగా చెప్పడం నేర్చుకున్నాను. అదే లూకా 2లో, దేవాలయంలో దొరికినప్పుడు యేసు అన్న మాట తల్లిదండ్రులు గ్రహించలేదని స్పష్టంగా ఉంది. ఆ తర్వాత 12 నుంచి సుమారు 30 ఏళ్ళ దాకా ఆ ఇంట్లో ఏం జరిగిందో లూకా రాసింది, లోబడి ఉన్నాడు, జ్ఞానంలో వయసులో ఎదిగాడు అంటూ ఒకటి రెండు వాక్యాలే. అంతటి కొడుకును పెంచినవాళ్ళకే అర్థం కాని రోజులు ఉన్నాయంటే నాకు కొంచెం ఊరట.

మొన్న మళ్ళీ ఆ అధ్యాయం వచ్చింది. "మూడు రాత్రులు ఎక్కడ పడుకున్నాడు, ఎవరు అన్నం పెట్టారు?" అని చిన్నవాడు. పెద్దవాడు వెంటనే, "రేయ్, నేను దీనికంటే చిన్న ప్రశ్న అడిగితే నాన్న కళ్ళు మూసుకోమన్నాడు" అన్నాడు. అందరం నవ్వాం. నేను కొంచెం తక్కువ నవ్వాను.

చిన్నవాడికి ఈ మధ్యే గొంతు మారుతోంది. సండేస్కూల్ పాటల్లో ముందు వరసలో ఉండేవాడు. ఒక ఆదివారం పల్లవి మధ్యలో గొంతు చీలిపోతే ఆడపిల్లలు కిసుక్కుమన్నారు, అంతే, ఇక పాడనన్నాడు. పాత నేనైతే దేవుడిచ్చిన తలాంతు, అంటే ప్రతిభ, గురించి అరగంట చెప్పేవాడిని. సంఘంలో సౌండ్ సిస్టమ్ చూసుకునే అన్నయ్య ఒకతను ఉన్నాడు, మాట తక్కువ మనిషి. వీడిని నా పక్కన కూర్చోబెట్టండి అన్నాడు. ఇప్పుడు వీడు ఆదివారం అందరికంటే ముందు తయారవుతున్నాడు, వైర్లు చుట్టడం గురించి ఇంట్లో మాకు పాఠాలు చెబుతున్నాడు.

పోయిన ఆదివారం ప్రసంగం మంచి పట్టులో ఉండగా మైక్ ఆగిపోయింది. తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఆ అన్నయ్య ఆ రోజు రాలేదు, మిక్సర్ దగ్గర మా వాడొక్కడే. నేను లేవబోయాను. పెద్దవాడు నా మోచేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. రెండు నిమిషాలు పట్టిందేమో. టప్ మని శబ్దం వచ్చి మైక్ పలికింది.